బుడగల పిల్లాడు సబ్బు కోసం పుట్టలేదు

పియర్స్ సబ్బు పాత పోస్టరు ఒకటుంది. ఉంగరాల జుట్టు పిల్లాడు బుడగలు ఊది పైకి చూస్తుంటాడు. ఆ బొమ్మ పెట్టి ఒక మాట తెగ షేర్ చేస్తున్నారు: "బ్రిటన్‌లో మొదటి కళాత్మక పోస్టరు ఇదే. గొప్ప చిత్రకారుడు జాన్ ఎవరెట్ మిల్లే డబ్బుకు ఆశపడి సబ్బు కంపెనీకి గీసిచ్చాడు." ఇది అన్యాయమైన మాట.

మొదటిది అనడమే తప్పు. 1871లోనే ఫ్రెడరిక్ వాకర్ లండన్ ఒలింపిక్ థియేటర్ నాటకానికి నలుపు తెలుపుల్లో గొప్ప పోస్టరు గీశాడు.

ఇక సబ్బు కంపెనీకి గీశాడన్న మాట. 1886లో గ్రోవ్‌నర్ గ్యాలరీలో ప్రదర్శించినప్పుడు ఈ చిత్రం పేరు 'పసివాడి లోకం'. అందులో ఉన్నది మిల్లే మనవడు, నాలుగేళ్ల విల్లీ జేమ్స్. అసలు చిత్రంలో సబ్బు బిళ్లే లేదు. మనం బతుకు నీటిబుడగ అంటాం కదా, 17వ శతాబ్దపు డచ్ చిత్రకారులూ బుడగను అలాగే వాడారు. పిల్లాడికి ఒక పక్క కుండీలో ఎదుగుతున్న మొక్క, ఇంకో పక్క పగిలి పడిన కుండీ చూడండి. మనవణ్ణి ఎదురుగా పెట్టుకుని చావు గురించి తాత గీసిన బొమ్మ ఇది. నాకైతే చూసిన ప్రతిసారీ గుండె బరువెక్కుతుంది.

మరి సబ్బు ఎలా వచ్చింది? చిత్రాన్ని కొన్నది ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్ యజమాని విలియం ఇంగ్రామ్. పత్రిక క్రిస్మస్ సంచికకు రంగుల్లో అచ్చు వేయించి, తర్వాత పియర్స్ వ్యాపారం నడిపే థామస్ బారట్‌కు 2,200 పౌండ్లకు అమ్మేశాడు. బొమ్మతోపాటు కాపీరైటూ చేతులు మారింది. బిళ్లను చేర్పించింది బారట్. మిల్లేకు కోపం వచ్చినా ఆపే హక్కు లేదు. ప్రకటన ప్రూఫులు, అంటే నమూనా అచ్చులు, బాగా వచ్చాయని ఆయన ఒప్పుకున్న మాట నిజమే, కానీ అచ్చు బాగుందనడం వేరు, అమ్ముడుపోవడం వేరు. 1889లో విలియం ఫ్రిత్‌కూ ఇదే జరిగింది. ఆయన గీసిన కొత్త గౌను పాప బొమ్మను సబ్బుల వ్యాపారి లీవర్ కొని సన్‌లైట్ సబ్బు ప్రకటనగా మార్చేశాడు.

ఇప్పటి ఈ నింద కొత్తదేం కాదు. 1895లో ఒక పేరున్న రచయిత్రి తన నవలలో ఇదే మాట రాస్తే, అది నిజం కాదని మిల్లే ఆమెకు స్వయంగా ఉత్తరం రాశాడు. మరుసటి ఏడాది ఆగస్టులో గొంతు క్యాన్సర్‌తో కన్నుమూశాడు.