‘నాకు ఇలా అనిపించింది’ అంటే తప్పేముంది?

సాహిత్యం, నాటకం, వీధి గోడల చిత్రాల మీద విద్యార్థులు రాసేటప్పుడు సొంత అనుభూతి పక్కన పెట్టి, ముందు విమర్శకులు ఏమన్నారో చదవాలని మీ వ్యాసంలో రాశారు. సాహిత్య విద్యార్థిగా నేను ఒప్పుకోలేను.

నార్వే నాటక రచయిత ఇబ్సెన్ 1879 నాటి నాటకం ‘ఎ డాల్స్ హౌస్’నే తీసుకోండి. చివర్లో కథానాయిక నోరా భర్తనీ పిల్లల్నీ, ఇంటినీ వదిలి వెళ్లిపోతుంది, కింద తలుపు మూసుకున్న చప్పుడు వినిపిస్తుంది. పుస్తకంలో అది ఒక్క లైను. స్టేజి మీద చూసినప్పుడు మాత్రం ఆ చప్పుడుకి ఒళ్లు జలదరించింది. భర్త పాత్రధారి ఆ కుర్చీలో అలాగే కూర్చుండిపోయాడు. హాల్లో చప్పట్లు మొదలవడానికి కాస్త టైం పట్టింది. జర్మనీలో నోరా వేషం వేయాల్సిన నటి ఈ ముగింపుకి ససేమిరా అంది, తానైతే పిల్లల్ని వదిలి వెళ్లనంది. దాంతో ఇబ్సెన్ ఇష్టం లేకపోయినా వేరే ముగింపు రాసిచ్చాడు. అదీ ఒక మనిషి సొంత స్పందనే కదా! విమర్శకులు దాని మీద ఇప్పటికీ రాస్తూనే ఉన్నారు. నేనూ వాళ్లని చదువుతాను, కానీ నాటకం చూశాకే.

మీ వ్యాసంలో గోడ చిత్రాలను రెండు వాక్యాల్లో తేల్చేశారు, అది బాధనిపించింది. బెర్లిన్ గోడ మిగిలిన భాగం మీద 1990లో వేసిన బొమ్మలు పాడైతే 2009లో మళ్లీ వేయించారు. కొందరు చిత్రకారులు కుదరదన్నారు. మళ్లీ వేసిన బొమ్మ పాత బొమ్మేనా? దీని మీద మీరు విడిగా రాస్తే తప్పకుండా చదువుతాను.