సవరణ: రుఖ్మాబాయి జైలుకు వెళ్లలేదు

బొంబాయి రుఖ్మాబాయి కేసుపై ఇంతకుముందు రాసిన వ్యాసంలో ఆమె 6 నెలల జైలుశిక్ష అనుభవించిందని పేర్కొన్నాను, అది తప్పు. ఆమెకు 11 ఏళ్ల వయసులో ఆమెను పెళ్లాడిన దాదాజీ భికాజీ దగ్గరికి కాపురానికి వెళ్లాలని, లేకుంటే 6 నెలల జైలు తప్పదని 1887 మార్చిలో హైకోర్టు తీర్పిచ్చిన మాటా, జైలుకే వెళ్తానని ఆమె తెగేసి చెప్పిన మాటా నిజమే గాని, ఆ శిక్ష అమలు కాలేదు. 1888లో దాదాజీ 2,000 రూపాయలు పుచ్చుకుని రాజీపడ్డాడు.

ఇంతకన్నా పెద్ద పొరపాటు మరొకటుంది. దాంపత్య హక్కుల పునరుద్ధరణ దావా (విడిగా ఉంటున్న భార్య లేదా భర్త తిరిగి కాపురానికి రావాలని కోర్టును కోరడం) మన ధర్మశాస్త్రాల నుంచి వచ్చిందని రాశాను. నిజానికి అది ఇంగ్లండ్ చర్చి కోర్టులలో పుట్టి, వలస పాలనతో ఇక్కడికి దిగుమతైనది. 1885లో రుఖ్మాబాయి పక్షాన తీర్పిచ్చిన జస్టిస్ పిన్హే, హిందూ ధర్మంలో ఇటువంటి దావాకు ఆధారం లేదనే అన్నారు. మరుసటి ఏడు అప్పీలులో ఆ తీర్పు తిరగబడింది. (ఇటువంటి దావాలో కోర్టు ఇచ్చిన ఆదేశాన్ని ధిక్కరించినవారిని జైల్లో పెట్టడాన్ని ఇంగ్లండ్ 1884లోనే రద్దు చేసుకుంది.) తప్పంతా సంప్రదాయం ఖాతాలో వేయడం వల్ల, భర్త అధికారానికి జైలు అనే బలాన్ని జోడించిన న్యాయస్థానం పాత్ర నా వ్యాసంలో మరుగున పడింది.

1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జస్టిస్ పి.ఎ. చౌదరి, సరిత కేసులో, ఇదే దావాకు వీలు కల్పించే హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్‌ను కొట్టివేస్తూ ఈ విదేశీ మూలాన్నే ఎత్తిచూపారు. ఆ సెక్షన్ చెల్లుతుందని 1984లో సుప్రీంకోర్టు తేల్చింది.