మార్కెట్ సూత్రం బస్సుకేనా?

నగర ఖజానాకు కటకట వచ్చిన ప్రతిసారీ మొదట కన్ను పడేది సిటీ బస్సు మీదే. నష్టాలొస్తున్నాయి కాబట్టి మార్కెట్‌కు వదిలేద్దామంటారు. చార్జీలు పెంచాలి, గిట్టుబాటు కాని రూట్లు ఎత్తేయాలి, డిపోలు ప్రైవేటుకు అప్పజెప్పాలి. సలహాదారులు మారుతుంటారు గానీ వాళ్లిచ్చే నివేదిక మాత్రం మారదు. కరోనా తరవాత ప్రయాణికులు తగ్గి, దేశదేశాల రవాణా సంస్థలు లోటులో కూరుకుపోయాక ఈ వాదన మరీ జోరందుకుంది. మార్కెట్ అన్న మాట వింటేనే ఉలిక్కిపడే అలవాటు ఈ పత్రికకు లేదు. మేం అడిగేది ఒక్కటే. ఆ సూత్రం బస్సెక్కేవాడికే ఎందుకు వర్తిస్తుంది? కారు నడిపేవాడికి, కాంట్రాక్టు దక్కించుకున్నవాడికి ఎందుకు వర్తించదు?

రోడ్డు సంగతే తీసుకుందాం. ఏ మహానగరంలోనైనా అన్నిటికంటే ఖరీదైన సరుకు స్థలం. ఒక కారు నిలబడటానికి పది పన్నెండు చదరపు మీటర్లు కావాలి. ఆ కొలత గదిని ఊరి నడిబొడ్డున అద్దెకు తీసుకోవాలంటే సగటు ఉద్యోగి జీతంలో పెద్ద ముక్కే పోతుంది. అక్కడే తోపుడుబండి పెట్టుకుంటే పోలీసులు తరిమేస్తారు. అదే చోట ఒక్క మనిషిని దింపిన కారు పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఊరికే నిలబడితే అడిగే నాథుడు ఉండడు. అడిగినా నామమాత్రపు రుసుమే. ఈ లోపల ఆ కారును తప్పించుకుంటూ అరవై మందితో కదలలేక కదులుతున్న బస్సును చూపించి ‘నష్టాల బండి’ అంటాం. ఉచిత పార్కింగ్ ఖర్చు చివరికి కారు లేనివాడి నెత్తిన కూడా పడుతుందని అమెరికా ఆచార్యుడు డొనాల్డ్ షూప్ దశాబ్దాల పాటు చెబుతూ వచ్చారు. జపాన్ 1962లోనే చట్టం చేసింది: సొంతంగా పార్కింగ్ చోటు చూపించనిదే కారు రిజిస్టర్ చేయరు. అక్కడి ప్రైవేటు రైలు కంపెనీలు లాభాల్లో నడవడం గురించి మన మార్కెట్ పండితులు తెగ చెబుతారు. ఈ చట్టం ఊసు మాత్రం ఎత్తరు.

రద్దీ వేళ రోడ్డుకు ధర కట్టాలన్న ఆలోచన వామపక్షాలది కాదు. అది అచ్చమైన మార్కెట్ ఆర్థికశాస్త్రం. 1996లో నోబెల్‌కు ఎంపికైన ఆర్థికవేత్త విలియం విక్రీ 1950ల నుంచే ఆ మాట అంటూ వచ్చారు. సింగపూర్ 1975లో మొదలుపెట్టింది. లండన్ 2003లో అందుకుంది. స్టాక్‌హోమ్ 2006లో ఏడు నెలలు ప్రయోగాత్మకంగా అమలు చేస్తే నగరం నడిబొడ్డుకు వెళ్లే వాహనాలు అయిదో వంతు దాకా తగ్గాయి. మొదట్లో మండిపడ్డ జనమే ఆ తరవాత రెఫరెండంలో సరేనన్నారు. స్టాక్‌హోమ్ వాళ్లు చేసిన తెలివైన పని ఇంకొకటుంది. రుసుము మొదలుకాక ముందే అదనపు బస్సులు రోడ్డెక్కించారు. కారు దిగమన్నప్పుడు ఎక్కడానికి ఏదో ఒకటి ఉండాలి కదా!

మరి మార్కెట్‌కు పుట్టినిల్లు అనుకునే అమెరికాలో ఏం జరిగింది? న్యూయార్క్ రద్దీ రుసుము 2024 జూన్‌లో మొదలవ్వాల్సింది. గవర్నర్ హోకుల్ ఆఖరి నిమిషంలో ఆపేశారు. ఆ తరవాత 15 డాలర్లను 9కి కుదించి 2025 జనవరి 5న మొదలుపెట్టారు. నెలన్నర తిరక్కముందే ట్రంప్ ప్రభుత్వం అనుమతి వెనక్కి తీసుకుంటున్నట్టు ప్రకటించింది. కోర్టు అడ్డుపడబట్టి వసూలు సాగింది. ఒకరు డెమొక్రాట్, ఒకరు రిపబ్లికన్. కారు జోలికి వచ్చేసరికి ఇద్దరి నోటా ఒకటే మాట: సామాన్యుడి మీద భారం! ఆ సామాన్యుడే సబ్‌వేలో, బస్సులో టికెట్ కొంటున్నప్పుడు ఎవరికీ భారం గుర్తు రాదు. మెత్తనివాణ్ని చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అనలేదు.

పోటీ ఉంటే ఖర్చులు అదుపులో ఉంటాయని, సర్కారీ సంస్థల్లో అలసత్వం పేరుకుపోతుందని అవతలి వాదన. అందులో కొంత నిజముంది. బ్రిటన్‌లో 1986 అక్టోబరులో లండన్ తప్ప మిగతా ప్రాంతాల్లో బస్సులకు పగ్గాలు వదిలేశాక కిలోమీటరుకయ్యే ఖర్చు బాగానే తగ్గింది. దాని ఫలం మాత్రం ప్రయాణికుడికి అందలేదు. పెద్ద నగరాల్లో చార్జీలు పెరిగాయి, ఎక్కేవాళ్లు తగ్గారు. లాభసాటి రూట్లో నాలుగు కంపెనీల బస్సులు ఒకదాని తోక పట్టుకుని ఇంకొకటి వచ్చేవి. రాత్రి పూట, ఊరి చివరికి ఒక్కటీ ఉండేది కాదు. డార్లింగ్టన్‌లో జరిగిన తంతు చూస్తే ఈ ‘పోటీ’ ఏ రకమో అర్థమవుతుంది. 1994లో అక్కడి మునిసిపల్ బస్సు సంస్థను అమ్మకానికి పెట్టారు. అది తన చేతికి రాకపోయేసరికి ఒక పెద్ద కంపెనీ బోనస్ ఆశ చూపి ఆ సంస్థ డ్రైవర్లను లాగేసుకుంది. అవే రూట్లలో తన బస్సులు దింపి జనాన్ని టికెట్ లేకుండా ఎక్కించుకుంది. వారాలు తిరిగేసరికి మునిసిపల్ సంస్థ మూతపడింది. ఇది ప్రజా ప్రయోజనానికి విరుద్ధమని పోటీ వ్యవహారాల కమిషన్ తప్పుపట్టింది గానీ, పోయిన సంస్థ తిరిగి వస్తుందా?

అదే కాలంలో లండన్ వేరే దారి పట్టింది. ఏ బస్సు ఎప్పుడు ఎక్కడికి వెళ్లాలో, చార్జీ ఎంతో సర్కారీ రవాణా సంస్థే తేల్చింది. నడిపే పనికి మాత్రం టెండరు పిలిచింది. పోటీ రోడ్డు మీద కాకుండా టెండరు దగ్గర జరిగింది. దేశమంతా ప్రయాణికులు తగ్గిన ఆ ఏళ్లలోనే లండన్ బస్సుల్లో పెరిగారు. సింగపూర్ 2016లో ఇదే బాట పట్టింది. అక్కడ బస్సులు సర్కారువి, టికెట్ డబ్బు సర్కారుది, నడిపేది కంపెనీలు. మాంచెస్టర్ 1986 నాటి పొరపాటును సరిదిద్దుకుని బస్సులన్నిటినీ మళ్లీ తన అజమాయిషీలోకి తెచ్చుకోవడం 2025 జనవరి 5న పూర్తయింది. విచిత్రంగా న్యూయార్క్ రుసుము మొదలైందీ ఆ రోజే. మార్కెట్‌కు చేతనైన పని ఉంది, చేతకాని పని ఉంది. రాత్రి పదకొండింటికి ఆస్పత్రి డ్యూటీ దిగిన నర్సుకు బస్సు ఉండాలా వద్దా అన్నది టెండరు వేసినవాడు తేల్చే ప్రశ్న కాదు.

ఈ లెక్క అర్థం కావడానికి బస్‌స్టాప్‌లో నిలబడితే చాలు. జనం పెరిగితే ట్రిప్పులు పెంచొచ్చు. ట్రిప్పులు పెరిగితే ఎదురుచూపు తగ్గి ఇంకొంతమంది వస్తారు. అంటే కొత్తగా ఎక్కే ప్రతి మనిషీ తక్కినవాళ్లకు మేలు చేస్తున్నాడు. ఆ మేలు విలువ టికెట్‌లో కనిపించదు కాబట్టి సబ్సిడీ న్యాయమేనని ఆర్థికవేత్త హెర్బర్ట్ మోరింగ్ 1972లోనే తేల్చారు. కారు విషయంలో జరిగేది తలకిందులు. రోడ్డు మీదికొచ్చే ప్రతి కొత్త కారూ వెనకున్నవాళ్లందరినీ ఆలస్యం చేస్తుంది. మేలు చేసేవాడికి చార్జీ పెంచి, ఇబ్బంది పెట్టేవాడికి రోడ్డు ఉచితంగా ఇవ్వడం ఏ మార్కెట్ న్యాయం?

ఇక కాంట్రాక్టర్ల సంగతి. బస్సు ప్రయాణికుడికి నష్టమొస్తే అది అతడి ఖర్మ. కంపెనీకి నష్టమొస్తే అది ‘జాతీయ సమస్య’ అయిపోతుంది. లండన్ భూగర్భ రైలు మార్గాల నిర్వహణ కోసం 2003లో ముప్ఫై ఏళ్లకు ఒప్పందాలు చేసుకున్నారు. అందులో పెద్ద వాటా పొందిన మెట్రోనెట్ నాలుగేళ్లకే దివాలా తీసింది. పన్ను కట్టేవాళ్లకు 17 నుంచి 41 కోట్ల పౌండ్ల దాకా నష్టమని అక్కడి ఆడిట్ కార్యాలయం లెక్కతేల్చింది. మెల్‌బోర్న్‌లో 1999లో రైళ్లు, ట్రామ్‌లు తీసుకున్న ఒక కంపెనీ 2002 చివర్లో వదిలేసి వెళ్లిపోయింది. ట్రామ్‌లు ఆపలేరు కాబట్టి సర్కారే ఎత్తుకుంది. కంపెనీకి వెళ్లిపోయే దారి ఉంది. నగరానికి, ప్రయాణికుడికి అది లేదు. సంతకాలు పెట్టేవాళ్లు మొదట చూడాల్సిన విషయం ఇదే, చివరిదాకా చూడనిదీ ఇదే.

కాంట్రాక్టు రాయడం చేతకాకపోతే ఏమవుతుందో చిలీ రాజధాని శాంటియాగో రెండుసార్లు చూసింది. 1979 తరవాత బస్సులను స్వేచ్ఛగా వదిలేస్తే బస్సులు పెరిగాయి, చార్జీలూ పెరిగాయి. టికెట్ల లెక్కన డబ్బులు కాబట్టి డ్రైవర్లు పందేలు వేసుకుని మరీ తోలారు. 2007 ఫిబ్రవరిలో రాత్రికి రాత్రి కొత్త పద్ధతి తెచ్చారు. ఈసారి ఎవరెక్కినా ఎక్కకపోయినా కంపెనీల ఆదాయంలో అధిక భాగానికి హామీ. ఇంకేముంది, రోడ్డెక్కాల్సినన్ని బస్సులు ఎక్కలేదు. అధ్యక్షురాలు బాచెలెట్ జనానికి క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది.

యాప్ క్యాబ్‌లే భవిష్యత్తని ఊదరగొట్టేవారికి ఒక్క మాట. షేర్ మార్కెట్‌లోకి వచ్చిన 2019లో ఉబర్ నష్టం సుమారు 850 కోట్ల డాలర్లు. ఏళ్ల తరబడి అయిన ఖర్చుకంటే తక్కువకు ప్రయాణాలు అమ్మితే దాన్ని పెట్టుబడి అన్నారు, దూరదృష్టి అన్నారు. అదే పని నగర బస్సు చేస్తే దుబారా అట! పైగా శాన్‌ఫ్రాన్సిస్కోలో 2010, 2016 మధ్య పెరిగిన ట్రాఫిక్‌లో దాదాపు సగం ఈ క్యాబ్‌ల పుణ్యమేనని నగర రవాణా అధికారులే తేల్చారు. ఆ ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఆలస్యమైన బస్సుల డీజిల్ ఖర్చు ఎవరి ఖాతాలో వేశారో?

నగర పాలకులు మార్కెట్‌ను తేదలచుకుంటే తేవచ్చు. మొదట రోడ్డు పక్క పార్కింగ్‌కు అసలు ధర కట్టండి. రద్దీ వేళ రోడ్డుకు రుసుము పెట్టి, వచ్చిన ప్రతి రూపాయీ బస్సు ట్రిప్పులకే ఇవ్వండి. టెండరు పిలిచేటప్పుడు మధ్యలో వదిలి పారిపోయేవాడి జేబుకు చిల్లుపడేలా షరతులు రాయండి. కార్ల యజమానులు అరుస్తారని, కాంట్రాక్టర్లు అలుగుతారని ఈ ఫైళ్లను ఏళ్ల తరబడి సొరుగులో దాచిపెట్టి, నోరు లేని బస్సు ప్రయాణికుడికి మార్కెట్ పాఠాలు చెప్పడం పాలన అనిపించుకోదు, పిరికితనం అనిపించుకుంటుంది. ఆ ఫైళ్లు కదిపే దమ్ము లేనివాళ్లు చార్జీల పెంపు ఫైలును ముట్టుకోవద్దు.