మనం నాలుగు జల్లెడలు దాటొచ్చినోళ్ళం

మొన్న శనివారం న్యూజెర్సీలో ఎడిసన్ దగ్గర ఓ గృహప్రవేశం. వ్రతం అయ్యాక పులిహోర ప్లేట్లు పట్టుకుని మగాళ్ళందరం బేస్‌మెంట్‌లో చేరాం. ఇంకేం మాట్లాడుకుంటాం, వడ్డీ రేట్లు, గ్రీన్ కార్డు, స్కూలు రేటింగులు. పెర్త్ ఆంబోయ్ అనే ఊరి మాట వచ్చింది. "ఇల్లు చవకే బావా, కానీ స్కూళ్ళు దండగ. వాళ్ళకి చదువంటే లెక్కలేదు. మనోళ్ళ కల్చరే వేరు" అన్నాడొకాయన. అందరూ తలూపారు. సిగ్గులేకుండా నేనూ ఊపాను. అప్పట్నుంచీ అది గొంతులో ముల్లులా ఉంది.

'వాళ్ళు' అంటే బ్లాక్ పిల్లలు, స్పానిష్ మాట్లాడే పిల్లలు. పరీక్షల్లో వెనకబడి ఉన్నారు, కాదనను. మరి మనమెలా వచ్చామయ్యా ఇక్కడికి? ఎంసెట్ ఒక జల్లెడ, జీఆర్‌ఈ ఒకటి, వీసా ఇంటర్వ్యూ ఒకటి, ఆఖర్న హెచ్1బీ లాటరీ. ఇన్ని జల్లెళ్ళలో మిగిలిన గింజల్ని చూపించి మా ఊరి పంటంతా ఇంతేనంటే ఎలా? నాతోపాటు చదివి, పదో తరగతి తప్పి ఆటో తోలుకుంటున్న మావాడిదీ మన కల్చరే.

ఇంకోటి. జాతీయ స్థాయిలో పెట్టే నేప్ పరీక్షలో, పదిహేడేళ్ళ పిల్లల రీడింగ్ మార్కుల్లో తెల్లవాళ్ళకీ బ్లాక్ పిల్లలకీ మధ్య తేడా 1971 నుంచి 1988 లోపు సగానికి పైగా తగ్గింది. తర్వాత అది ఆగిపోయింది. కల్చరే కారణమైతే పదిహేడేళ్ళు మారి, ఠక్కున ఆగిపోయిందా ఆ కల్చర్?

అసలు సంగతి పన్ను బిల్లులో ఉంది. ఇక్కడ స్కూలు డబ్బులో పెద్ద భాగం ఇళ్ళ మీద వేసే పన్నే. టెక్సస్‌లో శాన్ ఆంటోనియోలో ఎడ్జ్‌వుడ్ అని స్కూల్ డిస్ట్రిక్ట్ ఉంది, దాదాపు అందరూ మెక్సికన్ అమెరికన్లే. ఆ చుట్టుపక్కల అందరికన్నా ఎక్కువ రేటున పన్ను కట్టినా వాళ్ళకి ఆ పన్ను నుంచి పిల్లాడికి 26 డాలర్లే వచ్చేవి. తక్కువ రేటు కట్టే అలమో హైట్స్‌కి 333 డాలర్లు. అక్కడ ఇళ్ళు ఖరీదు కదా! ఇది అన్యాయమని సుప్రీంకోర్టుకి వెళ్తే, 1973లో 5-4తో తప్పేం లేదు పొమ్మన్నారు.

మన న్యూజెర్సీ కోర్టు అలా వదిలెయ్యలేదు. అబ్బట్ కేసులో 1990లో, పేద టౌన్లకీ ధనిక టౌన్లతో సమానంగా డబ్బివ్వమంది. 1998లో మూడు, నాలుగేళ్ళ పిల్లలకి మంచి ప్రీస్కూల్ పెట్టమంది. మనాయన దండగన్న పెర్త్ ఆంబోయ్ కూడా ఆ పేద టౌన్ల జాబితాలోదే. ఆ ప్రీస్కూళ్ళకి వెళ్ళిన పిల్లలు ఐదో తరగతికొచ్చాక కూడా, వెళ్ళనివాళ్ళ కన్నా ముందున్నారని రట్గర్స్ యూనివర్సిటీ వాళ్ళు తేల్చారు. తేడా మొత్తం పోయిందా? పోలేదు. కానీ ఏం చేస్తే తగ్గుతుందో తెలియదని మాత్రం నాకు చెప్పకండి.

మా అమ్మాయికి మ్యాథ్స్‌లో 'బి' వచ్చింది. రెండు వారాల్లో ట్యూషన్‌లో పడేశాం, నెలనెలా ఫీజు, వారానికి రెండుసార్లు మా ఆవిడ డ్రైవింగ్. అదే గ్రేడు ఇంకో పిల్లాడికొస్తే? నేను లైబ్రరీలో వాలంటీర్‌గా చదివిస్తుంటా. మూడో తరగతి బుడ్డోడొకడు వస్తాడు. వాళ్ళమ్మకి వేర్‌హౌస్‌లో నైట్ షిఫ్టు, ఇంగ్లీషు రాదు. ఓ రోజు ఆవిడ బ్యాగులోంచి కరెంటు బిల్లు తీసి వాడికిచ్చింది. వాడు వేలు పెట్టి ఒక్కో లైను చదువుతూ, అమ్మకి స్పానిష్‌లో చెప్తున్నాడు. 'పాస్ట్ డ్యూ' దగ్గర ఆగాడు. నన్నడిగాడు. గడువు దాటిందని చెప్పాను. వాడు కాసేపు ఊరుకుని, అమ్మకి నెమ్మదిగా చెప్పాడు. స్కూలు రిపోర్టులో మాత్రం వాడు రీడింగ్‌లో వెనకబడ్డాడు.

ఇప్పుడు అసలు బాధేంటంటే, మా టౌన్‌లో తక్కువ ఆదాయం వాళ్ళకి అపార్ట్‌మెంట్లు కడతారట. పెరుగుతున్న టౌన్లు వాళ్ళకి చోటివ్వాలని ఈ రాష్ట్రంలో 1975లోనే మౌంట్ లారెల్ కేసులో తీర్పుంది. మన తెలుగు గ్రూపులో వెంటనే పిటిషన్ మొదలైంది: ట్రాఫిక్ అట, డ్రైనేజీ అట. మూడో పాయింటు చివర్లో చిన్నగా, స్కూలు రేటింగ్ పడిపోతుందట. నిన్న రాత్రి పదకొండింటికి ఆ బేస్‌మెంట్ బావే మెసేజ్ పెట్టాడు, "నీ ఒక్కడి సంతకమే ఆగింది బావా" అని.

ఈసారి తల ఊపలేదు. ఆ బుడ్డోడి సంగతి రాసి పంపా. బ్లూ టిక్కులు పడ్డాయి, జవాబు రాలేదు.