కాకినాడ తీరానికీ ఒక విదేశాంగ అధ్యయన సంస్థ కావాలి

2025 ఆగస్టు 27న అమెరికా మన ఎగుమతుల్లో చాలావాటిపై సుంకాన్ని 50 శాతానికి పెంచింది. అందులో సగం రష్యా చమురు కొంటున్నామన్న కోపంతో వేసింది. చమురు కొన్నవి రిఫైనరీలు. కౌంట్ రేటు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్కన ఇచ్చే ధర) పడిపోయింది మాత్రం భీమవరం, అమలాపురం చుట్టుపక్కల రొయ్యల రైతుకు. అప్పు తెచ్చి మేత వేసినవాళ్లు ఇంకొన్నాళ్లు ఆగాలా, వెంటనే పట్టుబడి చేసి వచ్చినంతకు అమ్ముకోవాలా అని టెన్షన్ పడ్డారు.

ఇలాంటి దెబ్బ ఏ ప్రాంతం మీద ఎంత పడుతుందో ముందే లెక్కగట్టి ప్రభుత్వానికి చెప్పడం విదేశాంగ, రక్షణ విధానాలపై పనిచేసే మేధోసంస్థల పని. అవి మనకు లేకపోలేదు. ప్రపంచ వ్యవహారాల భారత మండలి 1943లోనే మొదలైంది. రక్షణ శాఖ నిధులతో నడిచే రక్షణ అధ్యయనాల సంస్థ ఐడీఎస్ఏ 1965లో ఏర్పడింది. వాటిని మేం తక్కువ చేయడం లేదు. కార్గిల్ యుద్ధం తర్వాత సమీక్షా కమిటీకి సారథ్యం వహించింది ఐడీఎస్ఏ మాజీ డైరెక్టర్ కె.సుబ్రహ్మణ్యమే. నిఘాలోని లోపాలను ఆ కమిటీ బయటపెట్టిన తర్వాతే 2002లో రక్షణ నిఘా సంస్థ వచ్చింది. కూర్చుని చదివి రాసే పనికి అంత శక్తి ఉంది. కానీ ఈ సంస్థల్లో పేరున్నవన్నీ దాదాపు ఢిల్లీలోనే ఉన్నాయి, రాసేది చాలావరకు ఇంగ్లిషులోనే. గోదావరి డెల్టా గోడు వాటి బల్ల మీదకు వెళ్లే దారే లేదు.

విదేశీ వ్యవహారాలు ఈ నేలకు కొత్త కాదు. డచ్చివారు పాలకొల్లులో వ్యాపారం చేశారు. యానాం 1954 దాకా ఫ్రెంచి ఏలుబడిలో ఉంది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖతో పాటు కాకినాడ మీదా బాంబులు వేశాయి. 2019లో భారత్, అమెరికా త్రివిధ దళాలు కలిసి చేసిన విన్యాసాలకు వేదిక ఈ తీరమే. 2023 జులైలో బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని కేంద్రం నిషేధించినప్పుడు కాకినాడ రేవులో కూలీల పని మీద ప్రభావం ఎలా ఉంటుందో ముందుగా ఎవరు ఆలోచించారు?

అన్నిటికన్నా మమ్మల్ని బాధపెట్టేది గల్ఫ్ వలస. కోనసీమ, పశ్చిమ గోదావరి గ్రామాల నుంచి ఆడవాళ్లు ఇంటిపనికి కువైట్, మస్కట్ వెళ్తున్నారు. 30 ఏళ్లు నిండనివారిని ఆ దేశాలకు ఇంటిపనికి పంపకూడదన్నది నిబంధన. ఏజెంట్లు విజిట్ వీసా మీద పంపేస్తారు. అలా వెళ్లిన మనిషికి పని ఒప్పందం ఉండదు, ప్రభుత్వ లెక్కల్లో పేరు ఉండదు. జీతం ఆపేసినా, పాస్‌పోర్టు లాక్కున్నా రాయబార కార్యాలయం గడప తొక్కేదాకా ఆమె అక్కడ ఉన్నట్టే ఎవరికీ తెలియదు. ఆ నిబంధన మహిళను కాపాడుతోందా, దొంగదారికి నెడుతోందా? తిరిగొచ్చిన వాళ్లను ఊరూరా కలిసి అడిగితే తప్ప దీనికి జవాబు దొరకదు. ఢిల్లీ సెమినార్లలో దొరికేది కాదు.

అందుకే రాష్ట్ర ప్రభుత్వం కాకినాడలో ఒక చిన్న అధ్యయన సంస్థ పెట్టాలని మేం కోరుతున్నాం. రాజమహేంద్రవరంలోని ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయాన్ని తోడు తీసుకోవచ్చు. నౌకాదళంలో, విదేశాంగ శాఖలో పనిచేసి రిటైరైన తెలుగువారు ఉన్నారు, వారిని పిలవాలి. వారి పక్కన రొయ్య రైతు, మత్స్యకారుడు, గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన మహిళ కూడా సభ్యులుగా కూర్చోవాలి. నివేదికలు ముందు తెలుగులో రావాలి.

డబ్బు సంగతి దాచిపెట్టకూడదు. ఎగుమతిదారులో, ఓడరేవు కంపెనీలో విరాళం ఇస్తే వద్దనక్కర్లేదు. కానీ ఎవరు ఎంత ఇచ్చారో ప్రతి నివేదిక మొదటి పేజీలో అచ్చు కావాలి, ఇచ్చినవారికి రాతలో వేలుపెట్టే హక్కు ఉండకూడదు. మొదటి అధ్యయనం గల్ఫ్ మహిళల మీదే జరగాలి. అది ఢిల్లీకి పంపే ముందు ఆ ఊళ్ల గ్రామసభల్లో చదివి వినిపించాలి.