ఇంటి ముందు ర్యాంపు తగువులో రోడ్డు వాటా ఎంత?

మా ఇంటి అరుగెక్కడానికి నా చిన్నప్పుడు మూడు మెట్లుండేవి. ఇప్పుడు వీధిలోంచి అరుగు మీదికి ఒక మెట్టు దిగాలి. ఇల్లేమీ కుంగలేదు, వీధే లేచింది. కంకర రోడ్డు మీద తారు, ఆ తారు మీద మరోసారి తారు, దాని మీద సిమెంటు. ప్రతి పొరకీ ఎవరో ఒకరు కొబ్బరికాయ కొట్టారు. పాత పొరను గీకి తీసినవాళ్లు మాత్రం లేరు. ఊరి పేరు చెప్పను. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏ ఊరనుకున్నా పెద్ద తేడా రాదు.

ఇళ్ల ముందు ర్యాంపుల మాట వచ్చినప్పుడల్లా చర్చ ఒకే దారిన పోతుంది. ఇంటివాడు కాలువ కప్పేశాడు, రోడ్డు మింగేశాడు, పగలగొట్టండి. జేసీబీ వస్తుంది, ఫొటోలు పడతాయి, మూడు నెలలు తిరక్కుండా అక్కడే మళ్లీ సిమెంటు పడుతుంది. నేను ర్యాంపుల్ని వెనకేసుకు రావడం లేదు. రోడ్డు జాగాలో కట్టింది ఆక్రమణే. కానీ ఆ ర్యాంపు ఇంటివాడి దురాశ ఒక్కదాని వల్లే పుట్టలేదు. వీధి మట్టం ఎంతో ముందుగా తేల్చి చెప్పని పాలకసంస్థకూ అందులో సగం వాటా ఉంది. ఆ సగం వదిలేసి ఎన్ని నిబంధనలు రాసినా ఈ తగువు తెగదు.

లెక్క వేసి చూద్దాం. రోడ్డు కన్నా రెండడుగుల ఎత్తున పునాది వేశారనుకోండి. సెల్లారు పార్కింగు ర్యాంపుకు భవన నిబంధనల్లో ఉన్న వాలు 8కి 1, అంటే అడుగు ఎత్తెక్కడానికి ఎనిమిదడుగుల పొడవు. గేటు దగ్గరా అదే వాలు కావాలంటే ర్యాంపు 16 అడుగుల పొడవుండాలి. చిన్న స్థలాల్లో ముందువైపు వదిలేది అటూ ఇటూగా మీటరున్నర, అంటే ఐదడుగులు. మిగతా 11 అడుగులు ఎక్కడి నుంచి తేవాలి? వీధిలోంచి అంత లాక్కునే ధైర్యం ఎవరికీ ఉండదు. అందుకని నాలుగడుగులు తీసుకుని నిటారుగా పోసేస్తారు. కారు పొట్ట గీసుకుంటుంది, వానాకాలంలో స్కూటరు జారుతుంది, అయినా సర్దుకుంటారు. 30 అడుగుల వీధిలో అటు నాలుగు, ఇటు నాలుగు పోతే మిగిలేది 22. రెండు పక్కలా ఒక్కో కారు నిలబడితే 10. ఎనిమిదడుగుల వెడల్పుండే అగ్నిమాపక వాహనం అందులోంచి దూరాలి. మన పాత పేటల్లో 30 అడుగుల వీధి ఉండటమే గొప్ప. 20 అడుగుల సందుల్లో ఈ లెక్క మొదలుపెట్టడమే దండగ.

అసలు రెండడుగుల ఎత్తు ఎందుకంటారా? వీధి కన్నా ఇల్లు పల్లంలో ఉండకూడదంటాడు వాస్తు చెప్పే ఆయన. మేస్త్రీ కూడా అదే అంటాడు. వాళ్లిద్దరికీ కుదిరిన ఏకాభిప్రాయం బహుశా ఇదొక్కటే. దానికి అనుభవం కూడా తోడైంది. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ గాలితో భయపెట్టాయి. 2021 సెప్టెంబరులో గులాబ్ తుపాను వాన ఎంత కురవగలదో చూపించింది. పల్లంలో ఇళ్లున్నవాళ్లు అప్పుడు నీళ్లు తోడుకున్నారు. మా వీధి చివర పెంకుటింటి అత్తను ర్యాంపు గురించి అడిగితే ఒక్క మాటలో తేల్చేసింది: "మరేటి సెయ్యమంటావు బాబూ? ఆళ్లు రోడ్డెత్తుకుంటూ పోతన్నారు, మాం ఇల్లెత్తుకుంటన్నాం."

ఈ పోటీకి అంతు లేదు. రోడ్డు లేస్తే కొత్త ఇల్లు దానికన్నా ఎత్తున లేస్తుంది. దాని ర్యాంపు కాలువను మూసేస్తుంది. కాలువ మూసుకుంటే నీళ్లు రోడ్డు మీద నిలుస్తాయి. నీళ్లు నిలిచిన తారు ఒక్క వానాకాలానికే లేచిపోతుంది. అది చూసి మళ్లీ రోడ్డు మంజూరు చేస్తారు, ఇంకో అర అడుగు పెంచుతారు. కాలువ మీద నాపరాయి పరిచిన రోజుల్లో పారిశుధ్య కార్మికులు గడ్డపారతో లేపి పూడిక తీసేవారు. ఇప్పుడు కాంక్రీటు పలక పోసి, పైన టైల్స్ అంటించి, తులసికోట కూడా కట్టేశాక కింద ఏముందో చూసే దారే లేదు.

ఇదంతా ఒక్క వీధితో ఆగే విషయమూ కాదు. ఆ కాలువ ఒకప్పుడు ఊరి చివర బంద అనే చిన్న చెరువులోకో, గెడ్డ అనే వాగులోకో దిగేది. ఆ బంద చుట్టూ మళ్లు, మళ్లకు గట్లు. ఆ మళ్లే ఇప్పుడు ప్లాట్లయ్యాయి, భోగాపురం విమానాశ్రయం పనులు మొదలయ్యాక విజయనగరం వైపు ఈ జోరు మరీ ఎక్కువైంది. సాగుభూమిని ఇళ్ల స్థలంగా మార్చడానికి 2006లో వ్యవసాయేతర భూమి మార్పిడి చట్టం తెచ్చారు, అందరూ నాలా అనేది దాన్నే. 2025లో ప్రభుత్వం దాన్ని ఎత్తేయడానికి పూనుకుంది. ఆ చట్టం ఉన్నన్నాళ్లూ జనం నోట దాని పేరు ఒక రుసుము పేరే. చలానా కట్టామా లేదా అన్నదే ప్రశ్న. ఈ మడి మీంచి పారే నీళ్లు రేపు ఎటు పోవాలన్న ప్రశ్న ఎవరూ వేయలేదు.

నిబంధనలు లేవని కాదు. 2017లో భవన నిబంధనలూ వచ్చాయి, లేఅవుట్ నిబంధనలూ వచ్చాయి. ఇంటి చుట్టూ వదలాల్సిన జాగా (సెట్‌బ్యాక్), పార్కింగు, లేఅవుట్లో పదో వంతు ఖాళీ స్థలం అన్నీ రాసి ఉన్నాయి. లేఅవుట్లో లోపలి రోడ్డు కనీసం 12 మీటర్లుండాలన్న షరతును 2025లో 9 మీటర్లకు తగ్గించారు. వెంచర్లు వేసేవాళ్లకు ఊరట సరే. కొత్త కాలనీలో ర్యాంపులు, కార్లు పోను మిగిలే జాగా ఎంతో ఇందాకటి లెక్కనే మళ్లీ వేసి చూడండి. ఇంకో సంగతి. నేను చూసిన ఇంటి ప్లాన్లలో గేటు లోపల ప్రతి అంగుళానికీ కొలత ఉంటుంది, గేటు దాటాక తెల్లకాగితమే. ముందున్న రోడ్డు వెడల్పు రాస్తారు, మట్టం రాయరు. ప్లాను గీసే లైసెన్సు ఇంజనీరు (ఎల్‌టీపీ) దాన్ని గీయడు, టౌన్ ప్లానింగ్ వాళ్లు అడగరు. కాగితం మీద లేని ర్యాంపు ఇల్లు పూర్తయ్యాక మేస్త్రీ చేతిలో పుడుతుంది.

పైగా మనకు క్రమబద్ధీకరణ అలవాటొకటి పట్టింది. అనుమతి లేని కట్టడాలను రుసుముతో ఖాయం చేసే బీపీఎస్ 2007 డిసెంబరులో ఒకటి, 2015లో ఒకటి, 2019లో ఇంకొకటి. అనుమతి లేని లేఅవుట్లకు 2020లో అలాంటిదే ఎల్‌ఆర్‌ఎస్. రోడ్డు జాగాలో కట్టినవాటికి ఈ పథకాలు వర్తించవన్న మాట నిజమే. కానీ జనం జీవోలు చదివి నేర్చుకోరు, పక్కింటాయన్ని చూసి నేర్చుకుంటారు. ఆయన ముందు కట్టాడు, తర్వాత రుసుము కట్టాడు, ఏమీ కాలేదు.

అమెరికాలో చిన్న ఊళ్లలోనూ చాలావాటికి ప్లానింగ్ బోర్డులుంటాయి. ఇంటి ముందు కారు దారి ఎంత వెడల్పుండాలి, రోడ్డంచును ఎక్కడ కోయాలి అన్నది ఒక సాయంత్రం అందరి ముందూ కూర్చుని మాట్లాడతారు. ఇరుగుపొరుగు వచ్చి అభ్యంతరం చెప్పవచ్చు. వాళ్ల పద్ధతిని మరీ నెత్తికెత్తుకోనక్కర్లేదు. పేదవాళ్లు తమ వీధిలోకి రాకుండా, పెద్ద పెద్ద స్థలాల్లోనే ఇల్లు కట్టాలన్న షరతులు పెట్టింది కూడా అలాంటి ఊళ్లే. కానీ నిర్ణయం జరిగే చోటు ఏదో అక్కడి జనానికి తెలుసు. మనకు తెలుసా? భూ వినియోగం, భవనాల నియంత్రణ పురపాలికల పనులని 74వ రాజ్యాంగ సవరణ రాసిపెట్టింది. వార్డు కమిటీలు తప్పనిసరి అన్నది మాత్రం 3 లక్షల జనాభా దాటిన చోట్లకే. 2011 జనగణన ప్రకారం మన రెండు పట్టణాలూ ఆ గీతకు ఇవతలే ఉన్నాయి. విజయనగరంలో 2021 మార్చిలో కార్పొరేషన్ ఎన్నికలన్నా జరిగాయి, శ్రీకాకుళానికి ఆ యోగమూ పట్టలేదు. వీధి గోడు చెప్పుకోవడానికి కార్పొరేటరే లేని చోట పట్టణాభివృద్ధి సంస్థ మాస్టర్ ప్లాను మీద అభ్యంతరాలు తెలపండని పేపర్లో ప్రకటన పడితే ఎవరు చదువుతారు?

నా మటుకు ముందు కావలసింది వీధి మట్టం. ప్రతి వీధికీ ఇది రోడ్డు, దీన్ని దాటి ఒక్క అంగుళం లేవదు అని తేల్చి, కరెంటు స్తంభం మీద గీత గీయాలి. కొత్త పొర వేసేవాడు పాతది గీకి ఆ గీత కిందికే వేయాలి. ఆ హామీ ఇచ్చాక ర్యాంపు గేటు లోపలే ముగియాలని పట్టుబట్టవచ్చు, ప్లానులో గీయించవచ్చు, లేకపోతే ఇంట్లో చేరడానికిచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఆపవచ్చు. మొదట అపార్టుమెంట్ల దగ్గరా, పార్కింగు స్థలాన్ని షాపులకిచ్చేసిన భవనాల దగ్గరా మొదలుపెట్టాలి. 50 గజాల్లో ఇల్లు కట్టుకున్నవాడికి ర్యాంపు పట్టేంత సెట్‌బ్యాక్ ఉండదు. అతనికి బండి ఎక్కించుకుని మళ్లీ తీసి గోడకు ఆనించే ఇనప పలక చాలు. కాలువ దాటడానికి లేపగలిగే జాలీ ఉండాలి. ఇవన్నీ ఎవరో కొత్తగా కనిపెట్టాల్సినవి కావు, వెల్డింగు షాపులో దొరికేవే.

ఖాళీగా ఉంచితే వీధి ఖాళీగా ఉంటుందని విజయనగరం వాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. దసరా వెళ్లిన మంగళవారం పైడితల్లమ్మ జాతరలో, కొసన పూజారిని కూర్చోబెట్టిన సిరిమాను అమ్మవారి చదురుగుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది. 50 అడుగులు దాటిన మాను అది. దాని దారికి అడ్డం రాకూడదన్న విషయంలో నోటీసు, కోర్టు, స్టే అనే మాటలు వినపడవు. మిగతా వీధుల్లోకి సిరిమాను రాదు.

ఈ వేసవిలో మా ఇల్లు కూడా ఎత్తించాలి. మేస్త్రీ వచ్చి మట్టం గొట్టం పట్టి చూసి, "రోడ్డు ఇంకా ఎంత లేస్తాదండీ?" అని అడిగాడు. తెలిసిన చోటల్లా కనుక్కున్నాను. నిధుల్ని బట్టి ఉంటుందన్నారు. రెండడుగులు చాలంటే, రెండున్నర చేయించండి, మళ్లీ మళ్లీ ఎత్తలేరు కదా అన్నాడతను. సరేనన్నాను. గేటు ముందు ర్యాంపు ఎంత దూరం వస్తుందో అతనే టేపు పరిచి చూపించాడు. కాలువ దాటి, రోడ్డు మీద నాలుగడుగులు.