పెళ్లి పత్రం చదవని ప్రేమకథలు

ఇంగ్లండు ప్రభు కుటుంబాల పెళ్లిళ్ల చుట్టూ అల్లిన చారిత్రక ప్రేమ నవల ఏది చేతికొచ్చినా నేను ముందుగా వెతికేది పెళ్లికి ముందు వకీలు వచ్చే సన్నివేశం. ఆ సన్నివేశం ఉన్న నవలలు తక్కువ. ఉన్నప్పుడు కూడా చాలామంది పాఠకులు దాన్ని దాటేసి నాట్యశాల దగ్గరికి వెళ్లిపోతారు. ఈ నవలలను ఏళ్ల తరబడి ప్రేమగా చదువుతున్న నాకు, వీటి మీద వచ్చే సమీక్షలు కూడా అలాగే దాటేసి వెళ్లిపోవడం కష్టంగా అనిపిస్తోంది.

కొందరు సమీక్షకులకు ఇవి కాలక్షేపం పుస్తకాలు, వీటిలో చరిత్ర వెతకడమే తప్పు. ఇంకొందరు భూతద్దం పట్టుకుని కూర్చుంటారు. ప్రభువుల్లో అత్యున్నత హోదా ఉన్న డ్యూక్‌ను ‘యువర్ గ్రేస్’ అనకుండా ‘మై లార్డ్’ అన్నారనీ, అంతకు దిగువ హోదా ప్రభువైన ఎర్ల్ కూతురి పేరు ముందు ఉండవలసిన ‘లేడీ’ని ఇంటిపేరు ముందు పెట్టారనీ, ఆ ఏటికి ఇంకా రాని గౌను తొడిగారనీ ఒక్కో తప్పుకు ఒక్కో స్టార్ తగ్గిస్తారు. ఆ శ్రద్ధ అంటే నాకు గౌరవమే. కానీ మూడవ జార్జి రాజుకు మతి స్థిమితం తప్పి, కుమారుడు రీజెంటుగా పాలించిన 1811–1820 మధ్య రీజెన్సీ కాలంలో రాజకుటుంబానికి చెందని డ్యూకులు బ్రిటన్, ఐర్లండు మొత్తం మీద ముప్పై మంది కూడా లేరు. వారిలో యువకులు, అందగాళ్లు, అవివాహితులు ఎందరుంటారో ఎవరికి వారే ఊహించుకోవచ్చు. ఒక్క ఏడాదిలో అచ్చయ్యే నవలల్లోని డ్యూకులను లెక్కపెడితే అంతకు మించిపోతారని తెలిసినా, కథ కోసం మనం ఆ సంఖ్యను సంతోషంగా ఒప్పుకుంటున్నాం. గౌను విషయంలోనూ అంతే ఉదారంగా ఉండవచ్చు. ఉదారంగా ఉండకూడని చోటు నా దృష్టిలో ఒకటి ఉంది: కథానాయిక ‘సరే’ అన్నప్పుడు ఆ మాటతో తాను ఏమేమి వదులుకుంటోందో నవలకు తెలిసి ఉండాలి.

ఆమె వదులుకునేది చిన్నదేమీ కాదు. ఇంగ్లండు సామాన్య న్యాయంలో (కామన్ లా) కవర్చర్ అనే సూత్రం ఉండేది. దాని ప్రకారం పెళ్లయిన స్త్రీకి భర్తకు వేరుగా చట్టపరమైన ఉనికి దాదాపుగా ఉండదు. ఆమె నగదు, నగలు, సామాను భర్తవి అయిపోతాయి. ఆమెకు భూమి ఉంటే అమ్మడానికి ఆమె సమ్మతి కావాలి గానీ, దాని నిర్వహణ, కౌలు ఆదాయం అతడి చేతిలోకి వెళ్తాయి. ఆమె స్వయంగా ఏదైనా సంపాదించినా అదీ అతడిదే. వివాహిత స్త్రీల ఆస్తి చట్టాలు 1870లోనూ 1882లోనూ వచ్చేదాకా మూల సూత్రం ఇదే. అంటే రీజెన్సీ నవలలోని కథానాయిక చర్చిలో నిలబడి పుచ్చుకునే వరుడితో పాటు, తన మనవరాళ్ల కాలం వరకు మారని ఒక చట్టాన్ని కూడా నెత్తిన పెట్టుకుంటోంది.

సంపన్న కుటుంబాలకు ఈ సంగతి బాగా తెలుసు. అందుకే వారు పెళ్లికి ముందే మ్యారేజ్ సెటిల్‌మెంట్ అనే ఒప్పందం రాయించుకునేవారు. వధువు తెచ్చే సొమ్ములో ఎంత భాగం ట్రస్టీల చేతిలో ఆమె పేరున విడిగా ఉంటుంది, పిన్ మనీ అనే చేతిఖర్చు ఏటా ఎంత, భర్త పోతే ఎస్టేటు నుంచి బతికినంత కాలం అందే జాయించర్ ఎంత, పెద్ద కొడుకు ఎస్టేటంతా తీసుకుంటే మిగతా బిడ్డలకు దక్కే వాటా ఎంత అన్నవన్నీ అందులో రాసి ఉండేవి. సామాన్య న్యాయం ఇవ్వని రక్షణను చాన్సరీ అనే వేరే కోర్టు ఈ ట్రస్టుల దారిన ఇచ్చేది. ఒక స్త్రీ జీవితాంతపు స్వేచ్ఛ ఎంతో, ఎవరి దయ మీద ఆధారపడి ఉంటుందో ఆ పత్రంలో తేలిపోతుంది. ప్రేమకథ రాసేవారికి ఇంతకంటే పదునైన ఘట్టం ఎక్కడ దొరుకుతుంది?

నేను ఇటీవల చదివిన ఒక నవలలో ఆ ఘట్టం ఉంది. చేరువైన పెళ్లి, అప్పుల్లో మునిగిన ఎర్ల్, బ్యాంకరు కూతురు. తండ్రి ఇంటి గ్రంథాలయంలో వకీలు పత్రం పరిచి గబగబా చదువుకుంటూ పోతుంటే, ఆ అమ్మాయి ట్రస్టీల పేర్లున్న వరస మీద వేలు పెట్టి ఆపుతుంది. ఇద్దరూ వరుడి బంధువులే. “నాకూ నా భర్తకూ మాట తేడా వస్తే వీరిద్దరూ ఎవరి పక్షాన నిలబడతారు?” అని అడుగుతుంది. తండ్రి ముఖం ఎర్రబడుతుంది, వకీలు గొంతు సవరించుకుంటాడు. కిటికీ దగ్గర నిలబడి ఉన్న ఎర్ల్ వెనక్కి తిరిగి, ఒక పేరు కొట్టేసి ఆమె మేనమామ పేరు రాయమంటాడు. ముద్దు లేదు, స్పర్శ లేదు. నా మటుకు నాకు ఆ పుస్తకంలో ప్రేమ మొదలైంది ఆ పేజీలోనే, ఎందుకంటే తనకు అనుకూలంగా ఉన్న ఒక బలాన్ని అతడు ఎవరూ బలవంతపెట్టకుండా వదులుకున్నాడు.

ఆ పేజీ చదివాక లేచిపోయి పెళ్లి చేసుకునే కథలు కూడా నాకు వేరుగా కనిపిస్తున్నాయి. 1754లో అమల్లోకి వచ్చిన హార్డ్‌విక్ చట్టం ప్రకారం ఇంగ్లండులో పెళ్లికి చర్చిలో మూడు ఆదివారాల ప్రకటనో, లైసెన్సో ఉండాలి. ఇరవై ఒక్క ఏళ్లు నిండనివారు లైసెన్సు మీద పెళ్లాడాలంటే తండ్రి సమ్మతి తప్పనిసరి. స్కాట్లండుకు ఆ చట్టం వర్తించదు కాబట్టి ప్రేమికులు సరిహద్దు దాటగానే తగిలే గ్రెట్నా గ్రీన్‌కు బండి కట్టేవారు. నవలల్లో ఆ ప్రయాణమంతా వెన్నెల, గుర్రపు డెక్కల చప్పుడు, వెంటపడే అన్న. అయితే ఆ బండిలో వకీలు ఉండడు, సెటిల్‌మెంట్ ఉండదు. ముందుగానే ట్రస్టులో భద్రపరచని సొమ్ము ఆ అమ్మాయి పేరున ఉంటే, ఆ పెళ్లితో అది వరుడి చేతిలో పడుతుంది. ఆస్తి ఉన్న ఆడపిల్లల కుటుంబాలు గ్రెట్నా పేరు వింటే ఎందుకు వణికేవో ఇందులో ఉంది. తండ్రిని మూర్ఖుడిగా చూపించి సరిపెట్టే నవల ఈ భయాన్ని మన కంటపడకుండా దాచేస్తుంది.

నాకు నిజంగా కోపం తెప్పించిన పుస్తకం మరొకటి. చదివే మిత్రులు ఎందరో మెచ్చుకుని నా చేత చదివించారు. అందులో డ్యూక్ అసూయతో రగిలిపోయి, బిడ్డను దూరపు ఎస్టేటుకు పంపించేస్తాననీ, తల్లికి ముఖం కూడా చూపించననీ భార్యను బెదిరిస్తాడు. రెండు పేజీల తర్వాత పశ్చాత్తాపం, కన్నీళ్లు, కౌగిలి. ఆ బెదిరింపును ‘గాఢమైన ప్రేమ’కు ఆనవాలుగా చదివినవారు ఉన్నారు. ఆ మాట పలికిన కాలంలో దానికి ఎంత బరువు ఉందో వారికి ఎవరూ చెప్పినట్టు లేదు, నవల కూడా చెప్పలేదు.

కరోలిన్ నార్టన్ జీవితం చూస్తే ఆ బరువు తెలుస్తుంది. 1827లో జార్జ్ నార్టన్‌ను పెళ్లాడిన ఈ రచయిత్రి, అతడి చేతిలో దెబ్బలు తిని, 1836లో విడిపోయింది. భర్త ముగ్గురు కొడుకులనూ తీసుకుపోయాడు. అప్పటి ప్రధానమంత్రి లార్డ్ మెల్బోర్న్‌తో ఆమెకు సంబంధం అంటగట్టి, నష్టపరిహారం కోరుతూ అతడి మీద దావా వేశాడు. జ్యూరీ ఆ దావాను కొట్టివేసింది. అయినా బిడ్డలు తల్లి దగ్గరికి రాలేదు, ఎందుకంటే చట్టం దృష్టిలో బిడ్డలు తండ్రివారు. ఆమె కరపత్రాలు రాసి, పార్లమెంటు సభ్యులను ఒప్పించి పోరాడిన ఫలితంగా 1839లో శిశు సంరక్షణ చట్టం వచ్చింది. వ్యభిచారం రుజువు కాని తల్లి ఏడేళ్ల లోపు బిడ్డల సంరక్షణ కోసం, అంతకంటే పెద్దవారిని చూసే అవకాశం కోసం కోర్టును అడగవచ్చునన్నది ఆ చట్టం ఇచ్చిన హక్కు. అడిగే హక్కు మాత్రమే. పైగా అది స్కాట్లండుకు వర్తించదు, ఆమె భర్త బిడ్డలను అక్కడే ఉంచాడు. చిన్న కొడుకు విలియం 1842లో గుర్రం మీద నుంచి పడి గాయపడి చనిపోయాడు. ఆ తర్వాత సంవత్సరాల్లో ఆమె పుస్తకాల మీద వచ్చిన రాబడి కూడా తనకే చెందుతుందని భర్త వాదించాడు.

ఇది తెలిసిన కళ్లతో డ్యూక్ బెదిరింపును మళ్లీ చదవండి. రీజెన్సీ కాలపు భార్యకు 1839 నాటి ఆ కొద్దిపాటి హక్కు కూడా లేదు. అతడు అన్నంత పనీ చేస్తే ఆమెకు దిక్కు లేదు. అటువంటి మాట అన్న మనిషి కన్నీళ్లతో క్షమాపణ అడిగితే సరిపోతుందా? తన తరువాతి కోపానికి ఆమెను బలి కాకుండా కాపాడే ఏర్పాటు ఏదైనా చేశాడా? ఒక్క వాక్యంలోనైనా ఆమె అడగాలి, అతడు జవాబు చెప్పాలి. ఆ వాక్యం లేనప్పుడు ఆ సుఖాంతాన్ని నేను నమ్మలేను.

పెళ్లి రద్దు విషయంలోనూ నవలలు ఇంతే తేలికగా దాటేస్తాయి. దంపతులు కలవలేదు కాబట్టి పెళ్లి రద్దు చేయించుకుందామని హీరో అంటాడు, ఆరు నెలల గడువు పెట్టుకుంటారు, గడువు లోపల ప్రేమ పుడుతుంది. కానీ ఆ రోజుల్లో చర్చి కోర్టు లైంగిక అసమర్థతను రద్దుకు కారణంగా ఒప్పుకునేది, అదీ రుజువైతే. ఇష్టపడి దూరంగా ఉన్నామంటే ఒప్పుకునేది కాదు. బుద్ధిపూర్వకమైన నిరాకరణ రద్దుకు కారణంగా ఇంగ్లండు చట్టంలోకి వచ్చింది 1937లో. మళ్లీ పెళ్లాడే వీలున్న విడాకులు 1857కు ముందు పార్లమెంటు ప్రత్యేక చట్టం ద్వారానే దొరికేవి. ఆ దారిన విడాకులు పొందిన మొదటి భార్య జేన్ ఆడిసన్, 1801లో. 1857 వరకు ఆమెతో కలిపి నలుగురు స్త్రీలకే అది దక్కింది. తలుపు తెరిచే ఉందన్నట్టు నడిచే కథలో భార్య సహనానికి విలువ ఉండదు. తలుపు మూసి ఉందని తెలిసి కూడా ఆ ఇంట్లో తన చోటు తాను సంపాదించుకున్న స్త్రీ కథ నాకు ఎంతో గొప్పగా అనిపిస్తుంది.

రోజంతా అలసిపోయి కాసేపు హాయిగా ఉండటానికి చదువుతుంటే చట్టాలెందుకని మిత్రులు అడుగుతారు. నేనూ ఆ హాయి కోసమే చదువుతాను. పెళ్లి తర్వాత పుట్టే ప్రేమ, ఒకే ఇంట్లో ఇద్దరు అపరిచితులు మెల్లమెల్లగా మాట కలపడం, మర్యాదగా మొదలైన పలకరింపు ఒకనాడు పేరు పెట్టి పిలవడం దాకా రావడం వంటివి ఈ నవలలు చూపించినంత ఓపికగా మరెక్కడా చూపించరని నా నమ్మకం. భర్త చేతిలో ఎంత అధికారం ఉందో పాఠకులకు తెలిసినప్పుడే అతడు తలుపు తట్టి లోపలికి రావచ్చా అని అడగడంలోని మర్యాద మనసుకు తాకుతుంది. భార్య మీద బలాత్కారం నేరమని ఇంగ్లండు అత్యున్నత న్యాయస్థానం తేల్చినది 1991లో అని గుర్తుంచుకుని ఆ తలుపు దగ్గరి సన్నివేశం చదివితే, అతడు గడప అవతలే ఆగడం ఎంత పెద్ద విషయమో అర్థమవుతుంది.

ఆ బ్యాంకరు కూతురి నవలలో ఎర్ల్ చెల్లెలిని మూడు చోట్ల తప్పుగా సంబోధించారు, ఒక గుర్రపు బండి పదేళ్లు ముందే వచ్చేసింది. అయినా నేను ఐదు స్టార్లు ఇచ్చాను. డ్యూక్ నవలకు ఇచ్చింది ఒక్కటి. దాన్ని మార్చమని నలుగురు అడిగారు గానీ, బిడ్డ గురించి ఆ తల్లి ఏమని హామీ తీసుకుందో చూపించే పేజీని ఇంతవరకు ఒక్కరూ చూపించలేదు.